వైద్య విద్యార్థుల దుష్ప్రవర్తన, ఫిర్యాదు: పశ్చిమ ప్రకాశం వైపు నుంచి

వైద్యం చదువుతున్న వ్యక్తి రోగి పట్ల గానీ, తోటి విద్యార్థి పట్ల గానీ, చదువు పట్ల గానీ వృత్తికి తగని రీతిలో నడుచుకున్నప్పుడు, దాన్ని చూసినవారో అనుభవించినవారో బాధ్యత గలవారి దృష్టికి తీసుకెళ్లడమే ఇక్కడ ఫిర్యాదు. హాస్టల్‌లో ర్యాగింగ్, పరీక్షలో కాపీ, ఒకరి హాజరు మరొకరు వేయడం, రోగిని చూడకుండానే కేస్ షీట్ నింపడం, రోగి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం, తాగి డ్యూటీకి రావడం, ఆయమ్మను తూలనాడడం అన్నీ దీని కిందికే వస్తాయి. వీటిలో ర్యాగింగ్‌కు చట్టముంది, కమిటీ ఉంది, ఫోన్ నంబరు కూడా ఉంది. లైంగిక వేధింపులకూ చట్టమూ కమిటీ ఉన్నాయి. మిగతావి ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో చాలామంది విద్యార్థులకు తెలియదు. రోగికి నేరుగా నష్టం చేసేవి మాత్రం ఆ మిగతావాటిలోనే ఎక్కువ.

పశ్చిమ ప్రకాశానికి దీనితో పని ఏమిటి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, కనిగిరి వైపు జనానికి వైద్య కళాశాల అంటే దూరపు ఊళ్లో ఉండే పెద్దాసుపత్రి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి, ఒంగోలు వైపు గుంటూరు నుంచి వచ్చి కలిశాయి. రెండేళ్ల తర్వాత ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అప్పట్లో పాలన ఒంగోలుకు మారినా, రోగం ముదిరినప్పుడు కాళ్లు పాత దారినే పడతాయి. గిద్దలూరు వాళ్లు నల్లమల దాటి నంద్యాలకో, కర్నూలుకో పోతారు. మార్కాపురం వాళ్లు ఒంగోలుకు బస్సెక్కుతారు, లేదా మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో గుంటూరు రైలెక్కుతారు. గుంటూరు వైద్య కళాశాల 1946లోనూ, కర్నూలు వైద్య కళాశాల 1956లోనూ మొదలయ్యాయి. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది ఎన్నో దశాబ్దాల తర్వాత. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో తెరుచుకుంది.

ఈ ఆసుపత్రుల్లో రోగి దగ్గరికి ముందుగా వచ్చేది ప్రొఫెసరు కాదు, హౌస్ సర్జనో పీజీ విద్యార్థో. అర్ధరాత్రి సెలైన్ అయిపోతే మార్చమని అడిగేదీ ఆ పిల్లలనే. కాబట్టి వైద్య విద్యార్థి నడవడిక కళాశాల గోడల మధ్య తేలిపోయే సంగతి కాదు. నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చి, వార్డు బయట దుప్పటి పరుచుకుని పడుకున్న మనిషికి అందే వైద్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మార్కాపురానికి సొంత కళాశాల ఇంకా రాలేదు. 2021 మే 31న రాష్ట్రంలో ఒకేసారి 14 వైద్య కళాశాలలకు శంకుస్థాపన జరిగింది. అందులో మార్కాపురం ఒకటి. భవనాలు సగంలో ఉండగా, 2025లో ప్రభుత్వం పది కొత్త కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. తొలి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులతో పాటు మార్కాపురాన్నీ చేర్చింది. దాని మీద రాజకీయంగా పెద్ద వివాదమే నడిచింది. ఎవరు నడిపినా, అక్కడ మొదటి బ్యాచ్ చేరిన రోజు నుంచి ఈ వ్యాసంలోని ప్రశ్నలన్నీ మార్కాపురం ప్రశ్నలే అవుతాయి.

ఒకే అంకె ఉన్న కేస్ షీట్లు

ఏ పెద్దాసుపత్రిలోనైనా కనబడగల దృశ్యం ఇది. ఉదయం ఎనిమిదిన్నరకు ప్రొఫెసర్ రౌండ్స్. ఏడున్నరకు హౌస్ సర్జన్ హడావుడిగా వార్డులోకి వస్తాడు. బీపీ మిషన్ పక్క వార్డు వాళ్లు పట్టుకుపోయారు. ముప్పై పడకలున్నాయి, చేతిలో గంట కూడా లేదు. వరసగా ఆరు కేస్ షీట్లలో 120/80, నాడి 78 అని రాసేస్తాడు. నాలుగో పడక మీద ఉన్న ముసలమ్మకు రాత్రి నుంచి ఒంట్లో నలతగా ఉంది, చెమటలు పడుతున్నాయి. ఆమె చేతికి ఎవరూ పట్టీ కట్టలేదు. రౌండ్స్‌లో ప్రొఫెసర్ షీటు చూసి, బాగానే ఉందని ముందుకు కదులుతారు. పక్కనే నిలబడ్డ తోటి హౌస్ సర్జన్‌కు ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసు.

ఆ తోటి విద్యార్థి ఏం చేయాలన్నదే ఈ విషయం మొత్తానికి గుండెకాయ. ఆ అంకె రాసినవాడు చెడ్డవాడు కాదు. నిన్న రాత్రంతా నిద్రలేదు, రేపు తన డ్యూటీ వాడే చూస్తాడు. పైకి చెబితే చాడీలు చెప్పినట్టు, చెప్పకపోతే ముసలమ్మ సంగతి ఏమిటి? ర్యాగింగ్ నిరోధక చట్టం ఇక్కడ అక్కరకు రాదు. కళాశాల నోటీసు బోర్డు మీద ఉండే ఫోన్ నంబర్లలో ఒక్కటీ దీనికోసం పెట్టింది కాదు.

కేస్ షీటు లాంటిదే లాగ్‌బుక్. 2022 నుంచి చేరిన ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యం గమనించాలి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ మూలంగా కీళ్లు బిగిసిపోయి, నడుము వంగిపోయిన మనుషులున్న ఊళ్లలో ఈ పని నిజంగా చేస్తే ఎంతో విలువ. వెళ్లకుండా హాస్టల్ గదిలో కూర్చుని నింపితే, ఆ ఇంటి గురించి ఒక అబద్ధం సర్కారు కాగితాల్లో శాశ్వతంగా ఉండిపోతుంది.

చిన్న తప్పులు పెద్దవవుతాయా

అవుతాయనడానికి ఆధారం ఉంది. అమెరికాలో మాక్సీన్ పాపడాకిస్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. మూడు వైద్య కళాశాలల్లో చదివి, తర్వాత రాష్ట్రాల మెడికల్ బోర్డుల చేతిలో శిక్ష పడిన 235 మంది వైద్యుల పాత విద్యార్థి ఫైళ్లు తీసి, ఏ శిక్షా పడని 469 మంది ఫైళ్లతో పోల్చారు. విద్యార్థిగా ఉన్నప్పుడు వృత్తికి తగని ప్రవర్తన నమోదైనవారు శిక్ష పడినవారిలో ఉండే అవకాశం మూడింతలు. బొత్తిగా బాధ్యత లేనితనం ఒక్కదాన్నే లెక్కేస్తే అది ఎనిమిదింతలు దాటింది. మార్కులు తక్కువ రావడానికి ఇంత బలమైన సంబంధం కనబడలేదు. మన దగ్గర ర్యాంకు మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు నడవడిక మీద లేదు కాబట్టి ఈ సంగతి నొక్కి చెప్పాల్సి వస్తోంది.

నెదర్లాండ్స్‌లో మాక్ వాన్ డెర్ వోసెన్, ఆమె సహచరులు 2017లో ఈ ప్రవర్తనను నాలుగు రకాలుగా విడదీశారు. పని మీద మనసు పెట్టకపోవడం, నిజాయితీ తప్పడం, మనుషులతో మెలగడం రాకపోవడం, తన తప్పు తాను చూసుకోలేకపోవడం. చివరిదే ప్రమాదకరమని అనుభవం ఉన్న ఏ అధ్యాపకుడైనా చెబుతారు. మొదటి మూడు మందలింపుతో, శిక్షణతో దారికి రావచ్చు. చెప్పినా ఎక్కనివాడితోనే కష్టం.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ హిక్సన్ బృందం వైద్యుల కోసం తయారుచేసిన మెట్ల పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. ఒక్కసారి జరిగిన చిన్న తప్పుకు, కాఫీ తాగుతూ మాట్లాడినట్టు సహోద్యోగే ఏకాంతంలో చెబుతాడు. అది మళ్లీ మళ్లీ జరుగుతోందని కనబడితే, వచ్చిన ఫిర్యాదులన్నీ ముందు పెట్టి చూపిస్తారు. అప్పటికీ మారకపోతే పైఅధికారి రంగంలోకి దిగుతారు. క్రమశిక్షణ చర్య ఆఖరి మెట్టు. నేరం లాంటి ఘోరమైతే మాత్రం ఈ మెట్లేవీ ఉండవు, నేరుగా చర్యే. మన దగ్గర మధ్యలో ఉండాల్సిన ఈ మెట్లు లేవు. అయితే మౌనం, కాకపోతే పోలీసు స్టేషన్.

చట్టం ఏం చెబుతోంది

ర్యాగింగ్ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందే మేలుకుంది. 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం అవమానించినందుకు ఆరు నెలల వరకు, కొడితే ఏడాది వరకు, గాయపరిస్తే లేదా నిర్బంధిస్తే రెండేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్ల వరకు జైలు విధించింది. మరణానికి కారణమైతే యావజ్జీవం వరకు వెళ్లవచ్చు. ఇందులో తక్కువమంది గమనించే అంశం ఒకటుంది. విద్యార్థి ఫిర్యాదు చేస్తే ప్రిన్సిపాల్ విచారించాలి. ప్రాథమికంగా నిజమని తేలితే నిందితుణ్ణి సస్పెండ్ చేయాలి. ఫిర్యాదు వచ్చినా చేతులు ముడుచుకు కూర్చున్న సంస్థాధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. మన ఊళ్లలో ఈ మాట తెలిసిన తల్లిదండ్రులు ఎంతమంది?

దేశవ్యాప్త నిబంధనలకు కారణమైంది ఒక వైద్య విద్యార్థి మరణమే. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో, తాగి వచ్చిన సీనియర్లు కొట్టిన దెబ్బలకు 19 ఏళ్ల అమన్ కచ్రూ చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందే, సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె.రాఘవన్ కమిటీ సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. అది కాగితాల్లో ఉండగానే ఆ పిల్లవాడు పోయాడు. అదే ఏడాది యూజీసీ, మెడికల్ కౌన్సిల్ నిబంధనలు వచ్చాయి. సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులకు ఫిర్యాదు వెళ్లాలన్నారు. చేసినవాళ్లెవరో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేయవచ్చన్నారు. 1800-180-5522 అన్న జాతీయ హెల్ప్‌లైన్ కూడా అప్పుడే పుట్టింది. విద్యార్థి, తల్లిదండ్రులు ఏటా ఆన్‌లైన్‌లో ఇచ్చే హామీపత్రం ఆ నిబంధనల ఫలితమే. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో వైద్య కళాశాలలకు ప్రత్యేకంగా కొత్త నిబంధనలు తెచ్చింది.

ఆడపిల్లల విషయంలో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం వేరుగా ఉంది. అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది.

మరి దొంగ బీపీ సంగతి? వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లో వచ్చింది. తోటి వైద్యుడి అవినీతినీ, అసమర్థతనూ, అనైతిక ప్రవర్తననూ భయం, పక్షపాతం లేకుండా బయటపెట్టాలని అది స్పష్టంగా చెబుతోంది. 2023లో దాని స్థానంలో తెచ్చిన నిబంధనలను అదే ఏడాది ఆగస్టులో నిలిపివేశారు కాబట్టి పాతవే అమల్లో ఉన్నాయి. అయితే అవి రిజిస్టరైన వైద్యులకు వర్తించేవి. హౌస్ సర్జన్ కాకముందు ఎంబీబీఎస్ విద్యార్థి మెడికల్ కౌన్సిల్ పరిధిలోకి రాడు. అతని నడవడిక చూసుకోవాల్సింది కళాశాల, ఆరోగ్య విశ్వవిద్యాలయం. 2019 బ్యాచ్ నుంచి వైఖరి, నైతికత, సంభాషణ అన్న అంశాన్ని పాఠ్యప్రణాళికలో పెట్టారు. పాఠం ఉంది. తప్పు చూసినప్పుడు ఎవరి తలుపు తట్టాలన్నదే లేదు.

ఫిర్యాదు చేశాక

తెలుగు రాష్ట్రాల ఇటీవలి చరిత్రలో ఫిర్యాదు చేసినవారికి ఏం జరిగిందో చూస్తే మిగతావాళ్లు నోరెందుకు విప్పరో అర్థమవుతుంది. వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో మత్తు వైద్య విభాగం మొదటి సంవత్సరం పీజీ విద్యార్థిని డాక్టర్ ప్రీతి, 2023 ఫిబ్రవరి 22న ఎంజీఎం ఆసుపత్రిలో అపస్మారక స్థితిలో కనిపించారు. 26న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. సీనియర్ వేధిస్తున్నాడన్న సంగతి అంతకు ముందే ఆమె తండ్రి ద్వారా పోలీసులకు, వాళ్ల ద్వారా కళాశాలకు చేరింది. విభాగంలో ఇద్దరినీ పిలిపించి మాట్లాడారు. ఆ మర్నాడే ఈ ఘోరం. సీనియర్‌ను అరెస్టు చేశారు. అతను దోషా కాదా అన్నది తేల్చాల్సింది కోర్టు.

ఆ ‘పిలిపించి మాట్లాడడం’ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. మన సమాజంలో ఇద్దరి మధ్య గొడవ వస్తే పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దిచెప్పడం అలవాటు. పొలం గట్టు తగాదాకు అది పనికొస్తుంది. భయపడుతున్న జూనియర్‌ను, భయపెడుతున్న సీనియర్‌ను ఒకే గదిలో కూర్చోబెడితే రాజీ కుదరదు. ఫిర్యాదు చేసింది ఎవరో ఖాయంగా తెలిసిపోతుంది, అంతే. ఆ రాత్రి మళ్లీ ఇద్దరూ ఒకే ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీ చేయాలి. ఫిర్యాదు అందిన గంటలో చేయాల్సిన మొదటి పని ఇద్దరి డ్యూటీలు విడదీయడం. విచారణ ఆ తర్వాత.

తిరుపతిలో ఒక పీజీ విద్యార్థిని 2018 ఏప్రిల్‌లో ప్రొఫెసర్ల మీద గవర్నర్‌కే మెయిల్ పంపింది. ఆగస్టులో ఆమె మరణించింది. అక్కడ నిందితులు విద్యార్థులు కాదు. కానీ ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య సాగే నెలలు ఫిర్యాదీ మీద ఎంత బరువో ఆ ఉదంతం చూపింది. 2025 జులైలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో ఇందుకు భిన్నంగా జరిగింది. పారామెడికల్ విద్యార్థినులు ప్రయోగశాల సిబ్బంది వేధింపుల గురించి మెయిల్ పెట్టారు. కమిటీ వెంటనే విద్యార్థినుల మాటలు నమోదు చేసింది. రోజుల వ్యవధిలోనే సస్పెన్షన్లు, అరెస్టులు జరిగాయి. ఒక్కరు కాక చాలామంది కలిసి చెప్పడం, రాతలో ఉండడం, తాత్సారం లేకపోవడం తేడా తెచ్చాయి.

తోటివారి అక్రమాన్ని విద్యార్థులే బయటపెట్టిన పెద్ద ఉదాహరణ 2014 నాటిది. ఆ ఏడాది మార్చిలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించిన పీజీ వైద్య ప్రవేశ పరీక్షలో పై ర్యాంకులు చూసి తోటి వైద్యులకు అనుమానం వచ్చింది. ఎవరెలా చదువుతారో హాస్టల్ గదులకు తెలుసు. వాళ్లు ఊరుకోలేదు. సంగతి గవర్నర్ దాకా వెళ్లింది. సీఐడీ దర్యాప్తులో ప్రశ్నపత్రం లీకైందని తేలింది. పరీక్ష రద్దు చేసి మళ్లీ పెట్టారు. అప్పుడు వాళ్లను చాడీకోరులని ఎవరూ అనలేదు.

నోరు ఎందుకు పెగలదు

గిద్దలూరు నుంచో పెద్దదోర్నాల నుంచో వైద్య సీటు తెచ్చుకున్న పిల్ల ఇంట్లో తరచుగా తొలి డాక్టరు. నాన్న పలకల పనిలోనో, మిర్చి పొలంలోనో ఉంటాడు. ఏం జరిగినా ‘సర్దుకుపోమ్మా, నాలుగేళ్లు ఓర్చుకో’ అన్నదే ఇంటి నుంచి వచ్చే మాట. అది ప్రేమతో చెప్పే మాటే, సీటు పోతుందేమోనన్న భయంతో చెప్పే మాట. కళాశాలలో విభాగాధిపతే కమిటీ సభ్యులు, ఆయనే ప్రాక్టికల్స్‌లో పరీక్షకులు. ఫిర్యాదు విన్న చెయ్యే మార్కులు వేస్తుంది. ప్రతీకారం జరగకపోవచ్చు. జరుగుతుందేమోనన్న భయం ఒక్కటే నోరు కట్టేయడానికి చాలు. అందుకే ఫిర్యాదు తీసుకునేవారు అదే విభాగం వారు కాకూడదన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న సూత్రం.

నిందితుడి పక్షం కూడా ఉంది. అతనూ విద్యార్థే. ఊరూ పేరూ లేని కాగితం మీద ఎవరి చదువూ ఆగిపోకూడదు. ఆరోపణ ఏమిటో అతనికి చెప్పాలి, అతని మాట వినాలి, నిర్ణయం కారణాలతో రాయాలి. వినకుండా వేసిన శిక్ష కోర్టు మెట్లెక్కితే కూలిపోతుంది, దానితో అసలు బాధితురాలికీ న్యాయం పోతుంది.

కాగితం మీద

పనికొచ్చే ఫిర్యాదు పొడుగ్గా ఉండనక్కర్లేదు. తేదీ, వేళ, వార్డు, చూసింది ఏమిటి, విన్నది ఏమిటి, పక్కన ఎవరున్నారు. ‘వాడెప్పుడూ ఇంతే’ అన్న వాక్యం విచారణలో నిలవదు. ‘మంగళవారం ఉదయం ఫలానా పడక దగ్గర బీపీ చూడకుండా రాశాడు, నేను పక్కనే ఉన్నాను’ అన్నది నిలుస్తుంది. వాట్సాప్ సందేశాలైతే స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. కానీ రోగి పేరు, ముఖం కనబడే ఫొటోలు జత చేయకూడదు, అదే ఇంకో తప్పవుతుంది. అర్జీ ఇచ్చాక నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మండల ఆఫీసుకు వెళ్లే మన రైతుకు తెలిసిన జాగ్రత్తే, కళాశాలలోనూ అదే పనిచేస్తుంది. మనసు కుంగిపోయినవారికి 14416 నంబరుతో ఉన్న టెలి మానస్ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

రోగులకు కూడా చెప్పే హక్కుంది. సూపరింటెండెంట్ గది, రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్ (ఆర్‌ఎంవో) గది ఉన్నది అందుకే. చిక్కు ఏమిటంటే, కంభం నుంచి వచ్చిన మనిషి అక్కడిదాకా వెళ్లి చెప్పినా, ‘తెల్లకోటు అబ్బాయండీ, కళ్లద్దాలు పెట్టుకుంటాడు, మా అమ్మను కసిరాడు’ అని తప్ప ఇంకేమీ చెప్పలేడు. ఆ వార్డులో తెల్లకోటు వేసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు పదిమంది ఉంటారు. కోటు జేబు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పేరుండాలి. చదువురాని ముసలమ్మ పక్క పడక మనవణ్ణి పిలిచి, ఆ పేరేంటో చదివించుకోగలిగేలా.